ఓటడిగిన బస్సులోనే టికెట్లు

ఎలక్షన్‌లో ఓడిపోయిన లీడరుకు ఒక సుఖం ఉంటుంది. నాలుగు రోజులు తలుపేసుకుని ఇంట్లో కూర్చోవచ్చు, ఫోన్ స్విచాఫ్ పెట్టుకోవచ్చు, మరీ మనసు బాగాలేకపోతే తిరుపతి పోయి గుండు కొట్టించుకుని రావచ్చు. బస్సు కండక్టరుకు ఆ సుఖం లేదు. ఎవరెవర్ని ఓటడిగిందో వాళ్ళందరికీ తెల్లారి మొదటి ట్రిప్పులోనే టికెట్ కొట్టాలి.

నాది హన్మకొండ – ములుగు రూటు. పల్లెవెలుగు సర్వీసు. దాదాపు యాభై కిలోమీటర్ల దారి. ఆరెపల్లి, గూడెప్పాడ్, ఆత్మకూరు, మల్లంపల్లి... స్టేజీ ఉన్నచోటా ఆగుతాం, చెయ్యెత్తిన చోటా ఆగుతాం. ఏళ్ళుగా ఇదే దారి కాబట్టి ఎక్కేవాళ్ళలో సగంమంది మొహాలు నాకు తెలుసు, కొందరి ఇంటి సంగతులు కూడా తెలుసు.

గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, అదే మన బాలుగారి పుట్టినరోజు జూన్ 4. దాని ముందు మే నెలలో ఆయన అభిమానుల కోసం ఆన్‌లైన్‌లో ఒక పోటీ పెట్టారు. పెట్టినవాళ్ళ పేరు ఇక్కడ అనవసరం. రెండు నిమిషాల వీడియో పంపాలి. ఆయన పాటే పాడాలని లేదు, ఆయన మీద అభిమానం ఏ రూపంలో చూపించినా సరే. వచ్చినవాటిలో పది వాళ్ళు ఏరుతారు. ఆ పదిలో ఎవరు మొదలు, ఎవరు చివర అన్నది మాత్రం జనం ఓట్లే తేలుస్తాయి. మొదటి బహుమతి హైదరాబాద్‌లో ఆర్కెస్ట్రాతో స్టేజీ మీద పాడే అవకాశం. ఆ తర్వాతి రెండు స్థానాలకు మెమెంటో, సర్టిఫికెట్, టీ షర్టు.

ఆర్కెస్ట్రా అన్న మాట దగ్గరే నేను పడిపోయాను.

మా నాన్న వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు. 1934లో మొదలైన మిల్లు అది, 2002లో పూర్తిగా మూతపడింది. షిఫ్టు దిగి వచ్చాక ఆయనకు రేడియో ఉండాలి, రేడియోలో ఘంటసాల ఉండాలి. "ఘంటసాల పోయినంక పాట యాడున్నదే" అనేవాడు. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరిలో, అప్పటికి నేను పుట్టనే లేదు. పుట్టి, ఊహ తెలిసి, నాకు చెవులు వచ్చేసరికి రేడియోలో మోగుతున్నదంతా బాలునే. దాంతో మా ఇంట్లో రెండు పార్టీలు. అన్నం తినేటప్పుడు కూడా ఇదే పంచాయితీ. అమ్మ సుశీల పార్టీ కాబట్టి మా ఇద్దరినీ పట్టించుకునేది కాదు.

1997లో అన్నమయ్య చూడ్డానికి అందరం పోయాం. వేంకటేశ్వరస్వామి వేషంలో సుమన్ మాట్లాడుతుంటే నాన్న కూర్చున్నచోటే చేతులు జోడించాడు. ఇంటికొచ్చాక చెప్పాను, ఆ గొంతు బాలుది నాన్నా అని. నమ్మలేదు. పక్కింటాయన కూడా అవునన్నాక చాలాసేపు ఆలోచించి, "పాట సంగతి పక్కన పెట్టు, మాట మాత్రం మంచిగ మాట్లాడిండు" అన్నాడు. అంతకన్నా దిగిరాలేదు ఆయన.

2020 సెప్టెంబర్ 25న బాలు పోయారు. కరోనా రోజులు, బస్సులో సీటుకొకరు కూడా లేరు. వెనక సీట్లో ఒకాయన ఫోన్లో వార్త చూసి పైకే చదివాడు. నేను టికెట్ మిషన్ పట్టుకుని మెట్ల దగ్గర సీట్లో కూర్చుండిపోయాను. మల్లంపల్లి స్టేజీ దాటిందాకా డ్రైవరన్న కూడా ఏం మాట్లాడలేదు. అందుకే పోటీ సంగతి తెలియగానే మొదట ఆయనకే చెప్పాను.

పాట పాడి పంపితే గుంపులో గోవింద అయిపోతుందని అనిపించింది. బాలు పాట బాగా పాడేవాళ్ళు రాష్ట్రంలో వీధికొకరు ఉంటారు. నాకు ఆయనలో అన్నిటికన్నా వింతగా ఉండేది వేరే సంగతి. ఎవరికి పాడితే వాళ్ళే పాడినట్టుంటుంది. కృష్ణకు పాడితే మాట చివర చిన్న విరుపు. అక్కినేనికి పాడితే గొంతు కొంచెం లోపలికి వెళ్ళి, మెత్తబడి, ఒక వయ్యారం. ఎన్టీఆర్‌కు ఛాతీలోంచి వస్తుంది. చిరంజీవికైతే పాట ముందే డ్యాన్సు మొదలైపోతుంది. ఇక అల్లు రామలింగయ్యకు పాడారంటే కళ్ళు మూసుకున్నా ఆ ముక్కూ ఆ నవ్వూ కనపడతాయి. కళ్ళు మూసుకుని పాట విని, తెర మీద ఎవరో చెప్పే ఆట చిన్నప్పుడు మా వాడకట్టు పిల్లలం తెగ ఆడేవాళ్ళం.

నా రోజువారీ మాటలు ఏమిటి? స్టేజీల పేర్లే కదా. ఆ పేర్లనే బాలు పాడితే ఎట్లుంటుందో పాడదామనుకున్నా. "ఆరెపల్లి, గూడెప్పాడ్, ఆత్మకూర్, మల్లంపల్లి, ములుగూ..." ఇవే పేర్లు, ఒకసారి ఎన్టీఆర్‌కు పాడినట్టు, ఒకసారి అక్కినేనికి, ఒకసారి కృష్ణకు, ఇంకోసారి చిరంజీవికి, చివర్లో అల్లుకు. ఆయన గొంతును అనుకరించలేదు, ఆడదాని గొంతుతో అది కుదిరే పని కాదు. ఆయన ఒక్కొక్కరికి మాటను ఎట్లా మలిచేవారో, ఆ మలుపులు పట్టుకున్నా.

ములుగు బస్టాండులో మధ్యాహ్నం మాకు కొంచెం గ్యాప్ ఉంటుంది. బస్సు ఖాళీ. మే నెల ఎండకు సీట్ల రెక్సిన్ మీద చెయ్యి పెడితే చర్రుమంటుంది. డ్రైవరన్న ముందు సీట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ పట్టుకున్నాడు. ఇంజిన్ బంద్, కిటికీ అద్దాలు మూసేశాం, అయినా బయట అనౌన్స్‌మెంట్ వినపడుతూనే ఉంది. అక్కినేని దాకా బాగా వస్తుంది, చిరంజీవి దగ్గరికొచ్చేసరికి డ్రైవరన్నకు నవ్వొచ్చి ఫోన్ కదులుతుంది. మళ్ళీ మొదటికి. చెమటకు యూనిఫాం వీపుకు అంటుకుపోయింది. ఎట్టకేలకు అంతా కుదిరి అల్లు దగ్గరికి వచ్చాను. "మల్లంపల్లీ..." అని ముక్కుతో లాగానో లేదో, వెనక డోర్లోంచి పల్లీలమ్మే పిల్లగాడు ఎక్కి "పల్లీ... బఠానీ..." అన్నాడు. సరిగ్గా అదే శ్రుతిలో! నేను ఆగలేదు, వాడి వైపు చెయ్యి చూపించి "ములుగూ" అని ముగించేశా. వాడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. మళ్ళీ తీద్దామన్నాడు డ్రైవరన్న. వద్దన్నా. అదే పంపించాం. ఏరినవాళ్ళకు నచ్చింది నా పాటో ఆ పిల్లగాడి బఠానీనో నాకైతే అనుమానమే.

పదిమందిలో నా పేరు వచ్చింది. అసలు కథ అక్కడ మొదలైంది.

ఓటేయాలంటే లింకు నొక్కాలి, ఫోన్ నంబర్ కొట్టాలి, ఓటీపీ వస్తుంది, అది ఎక్కించాలి. ఒక నంబరుకు రోజుకు ఒక ఓటు, వారాల తరబడి. అంటే ఒకసారి అడిగితే సరిపోదు, రోజూ అడగాలి. సర్పంచ్‌గా నిలబడ్డవాడు నయం, ఒక్కసారి దండం పెడితే అయిదేళ్ళు చూడక్కర్లేదు.

మా అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ప్రచారం మొత్తం వాడి చేతుల్లోకి పోయింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపు, మా అత్తగారి వైపు వాళ్ళ గ్రూపు, డిపో గ్రూపు, మహిళా కండక్టర్ల గ్రూపు, వాడి కాలేజీ గ్రూపులు – పొద్దున్నే అన్నిట్లో లింకు, రాత్రి మళ్ళీ లింకు. పదో తరగతి గ్రూపులో ఎన్నడూ నోరు మెదపనివాళ్ళు కూడా బొటనవేళ్ళు పెట్టారు. బొటనవేలు పెట్టడం వేరు, ఓటేయడం వేరు అని తర్వాత తెలిసింది. మా మరిది ఇంకో అడుగు ముందుకేసి, యూనిఫాంలో నా ఫోటోతో ఫ్లెక్సీ కొట్టించి వాళ్ళ ఊరి బస్టాపులో కట్టాడు. ఫ్లెక్సీ మీద లింకు ఎట్లా నొక్కుతారని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

బస్సులో మాత్రం నేనే అడిగేదాన్ని. దానికి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నా. టికెట్లన్నీ కొట్టి, స్టేజీ క్లోజ్ చేసి, చిల్లర లెక్క అయ్యాకే ఓటు మాట. 2023 డిసెంబర్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చినప్పట్నుంచి బస్సులో ఆడవాళ్ళే ఎక్కువ. నాకు అది కలిసొస్తుందనుకున్నా. కానీ ఓటీపీ అడ్డం వచ్చింది.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఫోన్లో చెప్తరు కదా మేడం" అంది మొదటిరోజే ఒకావిడ. నిజమే కదా! పోలీసులు ఊరూరా మీటింగులు పెట్టి చెప్తున్నారు, మోసపోతే 1930కి ఫోన్ చేయమని టీవీలో వస్తుంది. అట్లాంటిది బస్సు కండక్టర్ వచ్చి "ఓటీపీ కొట్టండమ్మా" అంటే ఎవరు మాత్రం నమ్ముతారు? ఒకామె ఫోన్ తీసినట్టే తీసి, నా మొహం చూసి, మళ్ళీ సంచి అడుక్కు తోసేసింది. పక్కన కూర్చున్నామె "ఇజ్జత్‌గల్ల మనిషేలే, రోజూ చూస్తలేమా" అని నా తరఫున జామీను ఉన్నా లాభం లేకపోయింది. బస్సులో డబ్బులు పోతే నన్నే అడుగుతారని నాకూ భయం వేసి, ఎవరి ఫోనూ నా చేతిలోకి తీసుకోలేదు. మీరే కొట్టండి, నాకు చూపించొద్దు అని దూరంగా నిలబడేదాన్ని. పోలింగ్ బూత్‌లో ఏజెంటు కూడా అంత దూరం నిలబడడేమో.

ఇంకొందరు అసలు ఎలక్షనే అనుకున్నారు. సర్పంచ్ ఎన్నికలు ఇవ్వాళ రేపు అంటున్న రోజులవి. "ఏ ఊరు నుంచి నిలబడ్డవు బిడ్డా?" "ఏం గుర్తు?" "ఆర్టీసీ నౌకరి ఉండంగ పోటీ చెయ్యనిస్తరా?" ఆత్మకూరులో ఎక్కే ఒక పెద్దాయన గుర్తు ఏమిటని మరీ మరీ అడిగితే, బాలు అన్నా. "బాలు అంటే బంతా?" అన్నాడు. బంతి గుర్తు ఖాయమైపోయింది ఆయన లెక్కలో. ఆ రోజు నుంచి ఎక్కిన ప్రతిసారీ "బంతికే బిడ్డా, బంతికే" అని చెయ్యి ఊపేవాడు.

ఓట్లు అడగడం మొదలుపెట్టాక మనుషుల "తప్పకుండా" ఎన్ని రకాలో తెలిసింది. దిగేటప్పుడు అనే తప్పకుండా ఒకటి, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు ఉండగా. బంధువుల తప్పకుండా ఒకటి, అది ఫోన్ పెట్టేయడానికి. డ్యూటీలో పైవాళ్ళ తప్పకుండా ఒకటి, దాన్ని రెండోసారి గుర్తుచేయలేం. నిజంగా ఓటేసేవాళ్ళు ఆ మాటే అనరు. మల్లంపల్లి నుంచి నర్సింగ్ డ్యూటీకి వచ్చే ఒక అమ్మాయి ఉంది. ఎక్కగానే ఫోన్ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించేది, "ఓటు నమోదైంది" అని. మాటా లేదు, నవ్వూ లేదు. మళ్ళీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. ఒకసారి టికెట్ చెకింగ్ స్క్వాడ్ ఎక్కింది. టికెట్లన్నీ చూసి, క్యాష్ లెక్కపెట్టి, అంతా కరెక్టుగా ఉందని సంతకం చేశాక అందులో ఒకాయన మెల్లగా "ఏదో పాటల పోటీ అంట గదా, లింకు పంపు" అన్నాడు. ఆ పూట నా గుండె రెండుసార్లు ఆగింది.

ప్రచారంలో నాకు బాగా గుర్తుండిపోయింది గూడెప్పాడ్ క్రాస్ దగ్గర ఒక సాయంత్రం. యాసంగి వడ్లు కొంటున్న రోజులు. లారీలు రోడ్డు పొడుగునా వరుసకట్టి ఉన్నాయి, ఎదురుగా ఒక పెళ్ళి బృందం బండ్లు. బస్సు ముందుకూ పోదు వెనక్కూ పోదు. లోపల ఆవిరి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నేను అలవాటుకొద్దీ ఓటు సంగతి ఎత్తాను. కిటికీ పక్కన ముసలమ్మ ఒకామె, ఒళ్ళో మామిడికాయల సంచి, "ఓటు ఓటు అని పది రోజులసంది అడుగుతున్నవు, ఒక్కపారన్న పాడినవా?" అంది.

నిజమే, పాడలేదు. అడిగిన పిల్ల పాట పాడితే వింటారనే తెలివి నాకూ లేకపోయింది, వేల గ్రూపుల్లో లింకులు తోసే మా అబ్బాయికీ లేకపోయింది. నడుములో మిషన్ సర్దుకుని, కడ్డీ పట్టుకుని, స్టేజీల పాట పాడాను. కృష్ణ దగ్గర ముందు సీటు ఆయన విజిల్ వేశాడు. చిరంజీవి దగ్గర డ్రైవరన్న హారన్ కొట్టి తాళం వేశాడు, దాంతో ముందు లారీవాడు తిట్టాడు. అల్లు దగ్గరికొచ్చేసరికి పిల్లల ఏడుపు ఆగింది. ముసలమ్మకు మాత్రం ఆనలేదు. "పేర్లు సదువుడు కూడా పాటేనా, మంచి పాట పాడు" అంది. ఏం పాడమంటవమ్మా అంటే బతుకమ్మ పాట అందుకుంది ఆమే. మే నెలలో, వడ్ల లారీల నడుమ, బస్సులో సగంమంది ఆడవాళ్ళు ఉయ్యాలో ఉయ్యాలో అని గొంతు కలిపారు. అది బాలు పాట కాదు, దానితో నాకు ఒక్క ఓటూ రాలేదు. ముసలమ్మకు ఫోనే లేదు. ఈ పోటీ మొత్తంలో నేను మనసు పెట్టి పాడింది ఆ ఒక్క పూటే.

మిగతా తొమ్మిదిమంది వీడియోలు నేను మొదటివారమే చూశాను. మొదట్నుంచీ ముందున్నది కోస్తా వైపు నుంచి ఒక స్కూలు పిల్లవాడు. చక్కటి గొంతు, కష్టపడి నేర్చుకున్న పాట. కానీ ఆ పదిలో గొప్పది నాదీ కాదు, వాడిదీ కాదు. నిజామాబాద్ వైపు నుంచి ఒక రిటైరైన పెద్దాయన పంపారు. ఆయన పాడనే లేదు. కుర్చీలో కూర్చుని, ళ, ణ, శ అనే అక్షరాలను బాలు ఎట్లా పలికేవారో, ఏ పాటలో ఏ అక్షరం దగ్గర ఎంతసేపు నిలిచేవారో చెప్పారు. చెప్తూ చెప్తూ ఒకచోట ఆగి, గొంతు సవరించుకుని, ఆ ఒక్క అక్షరం మాత్రం పలికి చూపించారు. అంతే. పలుకు తప్పిన పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని బాలు సరిదిద్దే తీరు కళ్ళముందుకు వచ్చింది. 1996లో ఆయన పాడుతా తీయగా మొదలుపెట్టినప్పటి నుంచి మా ఇంట్లో అది రానివారం లేదు. పాటకన్నా ఆ దిద్దుబాటు కోసమే చూసేదాన్ని.

ఆ పెద్దాయన పదో స్థానంలోనే ఉండిపోయారు. ఆయనకు గ్రూపులు లేవు కాబోలు. నా దగ్గర డిపో లెక్కల కోసం వాడే రెండో సిమ్ ఉంది. దాంతో రోజూ ఆయనకు ఓటేశా. ఒకరోజు మా అబ్బాయి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, సొంత ఓటు ఎదుటోళ్ళకు ఏసే క్యాండిడేట్‌ను యాడ చూడలే." వాడి బాధ వాడిది. నంబర్లు పోగుచేయడానికి వాడు హాస్టల్ గదులన్నీ తిరుగుతున్నాడు మరి.

చివరి రెండు రోజులు పిల్లవాడికీ నాకూ నువ్వా నేనా అన్నట్టు నడిచింది. ఒకదశలో నేను ముందుకు కూడా వచ్చా. ఆ రాత్రి డిపో గ్రూపులో పటాకులు కాల్చే బొమ్మలే బొమ్మలు. నాకు టెన్షన్‌కు అన్నం పోలేదు. పన్నెండింటికి ఓటింగ్ బంద్. పదకొండు దాటాక వాడి ఓట్లు ఒక్కసారిగా లేచాయి. ఇంకా ఉందనుకుంటుండగానే అయిపోయింది. నూటికి కొంచెం పైన తేడా. రెండో స్థానం.

"కొన్నరమ్మా, ఓట్లు కొన్నరు" అని అబ్బాయి రాత్రంతా ఒకటే గొణుగుడు. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. వాళ్ళ ఊళ్ళో కూడా ఒక తల్లి, ఒక మరిది, ఒక ఫ్లెక్సీ ఉండే ఉంటాయి. నాకు 2006 గుర్తొచ్చింది. అప్పుడు ఇండియన్ ఐడల్‌లో మన కారుణ్య ఫైనల్ దాకా పోయాడు. నేను కొత్తగా నౌకరీలో చేరిన రోజులు. జీతంలో ఎంత రీచార్జికి పోసి ఎస్ఎంఎస్‌లు కొట్టానో ఇంట్లో చెప్పలేదు. తెలుగువాళ్ళం అందరం కొట్టాం. ఏప్రిల్లో ఫలితం వచ్చింది, బికనేర్ కుర్రాడు సందీప్ ఆచార్య గెలిచాడు. ఆ కుర్రాడి మీద ఎంత కోపం పెట్టుకున్నామో. 2010లో శ్రీరామచంద్ర గెలిచి ఆ లోటు తీర్చాడు, కారుణ్య కూడా సినిమాల్లో పాడాడు, అంతా సర్దుకుంది. సందీప్ మాత్రం 2013లో, ముప్ఫై నిండకుండానే, జబ్బు చేసి పోయాడు. ఆ వార్త చదివిన రోజు, ఏడేళ్ళ కిందటి నా కోపం తలుచుకుని ఏదోలా అనిపించింది. అందుకే ఈ పిల్లవాడి మీద మా ఇంట్లో ఎవర్నీ ఒక్క మాట అననివ్వలేదు.

తెల్లారి డ్యూటీ. సెలవు పెట్టొచ్చు కదా అంది మా చెల్లె. పెళ్ళిళ్ళ సీజన్, సెలవు ఎవరిస్తారు?

మొదట ఎక్కింది నర్సింగ్ అమ్మాయి కాదు, ఎన్నడూ ఓటేయనివాళ్ళు. ఓదార్పు వాళ్ళదే గట్టిగా ఉంటుందని అనుభవం మీద చెప్తున్నా. "అయ్యో మేడం, మా ఇంట్లో అందరం ఏసినం, ఎట్ల ఓడిపోయినవు?" అని. ఇంట్లో అందరి ఓట్లూ లెక్కేసుకుంటే నేను ఎప్పుడో గెలిచి ఉండాలి. ఒకాయన రీకౌంటింగ్ అడగమన్నాడు. ఒకామె "వచ్చేసారి గెలుస్తవు, ఈసారి మావోళ్ళను కూడా అడుగుత" అని చెయ్యి పట్టుకుంది. బంతి గుర్తు పెద్దాయన "నేను ఏసిన గదా బిడ్డా, ఎందుకు ఓడిపోయినవు" అని నన్నే నిలదీశాడు. ఆయన దగ్గర ఉన్నది బటన్ ఫోన్. ఏస్తా అని నోటితో అంటే ఓటు పడిపోయినట్టే ఆయన లెక్క. నిజం చెప్పి ఆయనను చిన్నబుచ్చడం ఎందుకని, "నీ ఓటు పడ్డది తాతా, మిగతావే తక్కువ పడ్డయ్" అన్నా. నర్సింగ్ అమ్మాయి ఎక్కి, ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్ తీసుకుని, ఫోన్ నా వైపు తిప్పింది. "ఓటింగ్ ముగిసింది" అని ఉంది. రోజూ చూపించినట్టే చూపించి వెళ్ళి కూర్చుంది. అంతమందిలో ఆమె పద్ధతే నాకు నచ్చింది.

ఒకేరోజుతో అయిపోయి ఉంటే బాగుండేది. వారానికోసారి పుట్టింటికి పోయేవాళ్ళు, నెలకోసారి పింఛను పనికి వచ్చేవాళ్ళు, పెళ్ళికి ఎక్కి మళ్ళీ పదహారు రోజుల పండక్కి ఎక్కేవాళ్ళు – అందరికీ అప్పుడే కొత్త వార్త. అందరికీ మొదట్నుంచీ చెప్పాలి. ఎంతమందిని అడిగానో అంతమందికీ సంజాయిషీ. పోటీ కన్నా ఈ సంజాయిషీకే గొంతు పోయింది. చివరికి డ్రైవరన్న ఒక ఉపాయం చెప్పాడు, ఇంజిన్ కవర్ మీద సుద్దముక్కతో "రెండో స్థానం" అని రాసేద్దామని. రాయలేదు గానీ, రాస్తే ఎట్లుంటుందని ములుగు దాకా ఇద్దరం నవ్వుకున్నాం.

బహుమతి పోస్టులో వచ్చింది. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు. మెమెంటో బాగుంది, నాన్న ఫోటో పక్కన పెట్టా, ఘంటసాల పార్టీ ఆయనకు ఒళ్ళు మండుతుందని తెలిసే. టీ షర్టు మాత్రం పెద్ద సైజు, నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. డ్రైవరన్నకు ఇచ్చేశా. వీక్లీ ఆఫ్ రోజు అది వేసుకుని కూరగాయలకు పోతే, వెనక "బాలు వీరాభిమాని" అని చదివి ఎవరో పాట పాడమన్నారట. పాడాడట కూడా. ఎట్లుంటుందో నేను ఊహించగలను, బస్సు నడుపుతూ రోజూ పాడతాడు.

మా మరిది కట్టిన ఫ్లెక్సీ మొన్నటిదాకా అట్లాగే ఉంది. వానలు మొదలయ్యాక ఎవరో విప్పుకుపోయి గడ్డివాము మీద కప్పారు. రోడ్డు వైపు నా మొహం సగం కనిపిస్తుందని మా తోడికోడలు ఫోన్ చేసి చెప్పింది.

జూన్ 12న బడులు తెరిచారు. బస్సుపాసుల పిల్లలు, పుస్తకాల సంచులు, కొత్త గోల. అడిగేవాళ్ళు తగ్గిపోయారు. మల్లంపల్లిలో ఎక్కే ఒక టైలర్ తాత మాత్రం ఇప్పటికీ వదలడు. ఓడిపోయానని ఆయనకు మొదట్లోనే చెప్పాను, వినపడలేదు. గట్టిగా చెప్తే బస్సంతా తిరిగి చూస్తుంది, మళ్ళీ కథ మొదలు. ఆయనకు మాత్రం ఇంకా లెక్కపెడుతున్నరనే చెప్తున్నా.